ఆమెన్ అనేలోపు తెరుచుకోవాలి

అమ్మకు లాప్‌టాప్ కొనాలనుకున్నప్పుడు, అన్నీ నాకే తెలుసన్న ధీమాతో బయలుదేరాను. మడికొండలో పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. అమ్మ అడిగినవి మూడే. తేలికగా ఉండాలి, నొక్కగానే తెరుచుకోవాలి, చూడటానికి సోకుగా ఉండాలి. మూడోది విని నవ్వాను. "ఈ వయసులో సోకేందమ్మా?" అన్నాను.

మట్టెవాడలో మా వీధి ఆడవాళ్ళ ప్రార్థన కూడిక వారానికొక ఇంట్లో జరుగుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పాట ఎత్తుకునేది అమ్మే. రెండేళ్ళుగా ఆమె చూపు మసకబారుతోంది. ఆపరేషన్‌తో బాగయ్యేది కాదని కంటి దవాఖానలో చెప్పేశారు. పాత పాటలు నోటికి వచ్చు, కొత్తవి రావు. ఈ మధ్య రెండుసార్లు చరణం మధ్యలో తడబడింది. ఇంకోసారి తడబడితే పాట వేరేవాళ్ళకు అప్పజెబుతారని ఆమె భయం. కూడిక ఉన్న రోజున అన్నం కూడా సరిగా తినేది కాదు. ఫోన్ తెర ఆమె కళ్ళకు చాలదు. పాటలు పెద్ద అక్షరాల్లో చూసుకోవడానికే ఈ లాప్‌టాప్.

హన్మకొండలో ఒక షాపుకు వెళ్ళాం. నేను నేరుగా అన్నిటికంటే పెద్ద తెర ఉన్నదాన్ని చూపించాను. అమ్మ భుజానికున్న గుడ్డసంచిలోంచి బైబిల్ తీసి నా చేతికిచ్చి, అందులో లాప్‌టాప్ పెట్టించుకుని, తలుపు దాకా నడిచి వచ్చింది. "గిది మోసుకుంట మెట్లెక్కుడు నాతోని కాదు బిడ్డా" అని తేల్చేసింది.

తేలికపాటివి తెప్పించాం. మొదటిదాన్ని ఆన్ చెయ్యమని షాపమ్మాయికి చెప్పి, అమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోంది! "ఆమెన్" అని కళ్ళు తెరిచేసరికి తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. వద్దంది. కూడికలో ఆమెన్ అనగానే పాట అందుకోవాలట. నాకు తల కొట్టేసినట్టయింది.

"ముందే ఆన్ చేసి పెట్టుకోవచ్చు కదమ్మా!"

"అందరు కండ్లు మూసుకుంటే అదొక్కటి మెరుసుకుంట కూసోవాల్నా?"

రెండోదీ అంతే. మూడోది ప్రార్థన సగం కాకముందే తెరుచుకుంది. ఈసారి షాపమ్మాయి కూడా ఆమెన్ అంది. కానీ షాపులో ఉన్నది నల్లది. నెమలిపింఛం రంగుది రావాలంటే నాలుగు రోజులు ఆగాలట. ఆగుతానంది అమ్మ. నాకు కోపం వచ్చేసింది. "రంగుతో పనేంది? అక్షరాలు కనబడితే చాలదా?" అని అందరి ముందూ కసిరాను.

అమ్మ గొంతు తగ్గించింది. "నల్లది వట్టుకపోతే, పాపం కండ్లు వోయినయి, మిషిన్ తెచ్చుకున్నది అంటరు. సోకుగుంటే, ముసల్ది సోకు జేత్తాంది అంటరు. గట్లన్నా ఫికర్ లేదు బిడ్డా."

సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు రోజులు ఆగాం.

ఆ వారం కూడిక మా ఇంట్లోనే. వచ్చినవాళ్ళంతా ఆ మూత మీద చెయ్యి వేసి నిమిరారు. "ఎంత ముద్దుగున్నదక్కా!" అన్నారు. కళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మ ముఖం వెలిగిపోయింది. ప్రార్థన అయ్యాక పాట అందుకుంది, మొదటి చరణం చక్కగా సాగింది. అప్పుడు పక్కనున్న పెద్దామె, అమ్మ 'వదినా' అని పిలిచే ఆవిడ, కుర్చీ దగ్గరికి జరుపుకుని తెరలోకి వంగింది.

"ఏడాది సంది పుస్తకం ఊకెనే వట్టుకుంటున్న. ఒక్క అక్షరం కనవడ్తలేదు. నేను గుడ దీంట్ల సూడొచ్చా?" అని అందరూ వింటుండగానే అడిగింది.

పాట ఆగిపోయింది. అమ్మ లాప్‌టాప్‌ను ఇద్దరి ఒళ్ళకూ మధ్యకి జరిపింది.

"నాకు గుడ కనవడ్తలేదు వదినా" అంది, అందరికీ వినబడేలా.