నూనె రాసిన టైరు

"వానలో బ్రేకు వేస్తే ఈ టైరు జారదు కదా, పెద్దమ్మా?"

ఆదివారం పొద్దున బండి స్టాండు తీస్తూ నేనడిగిన మాట అది. ఆ రోజు మా పాప ఇనాకి చర్చిలో బాప్తిస్మం. పసిదాన్ని వీపుకి కట్టుకున్నాను. కొండల మీంచి మబ్బు నల్లగా దిగుతోంది. మా ఆయన రాంగి పాటల బృందంతో ముందే వెళ్ళిపోయాడు.

మాతో కలిసి వెళ్దామని తన బండి మీద వచ్చిన అకైతి పెద్దమ్మ కిందికి దిగింది. లేత కొబ్బరాకుతో అల్లిన తెల్లటోపీ తీసి గట్టు మీద పెట్టి, నా ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది.

మా రారోటోంగా దీవిలో ఆమె బండిని గుర్తుపట్టనివాళ్ళు లేరు. కాళ్ళ దగ్గర చేమదుంపల కట్ట, వెనక అరటిగెల. పెదనాన్న పోయాక చేమమడి తనే చేసుకుంటూ, దుంపలు శనివారం సంతకి తనే తోలుకెళ్తూ పిల్లల్ని పెంచింది. పాస్టరుగారు చెప్పులు మార్చేలోపు అకైతి రెండుసార్లు టైర్లు మారుస్తుందని ఊళ్ళో వేళాకోళం. పాస్టరుగారు వానలో చేమదుంపలు మొయ్యరుగా, అని ఆవిడ జవాబు.

"నూనె రాశారా?" అంది.

నిన్న రాంగి రాశాడన్నాను. మా వైపు శనివారం సాయంత్రం చర్చి బట్టలు ఇస్త్రీ చేసుకున్నట్టే, బండి టైర్ల పక్కలకి కొబ్బరినూనె పట్టిస్తారు. అవి నిగనిగలాడకపోతే ఆ ఇంటివాళ్ళు బద్ధకస్తులని లెక్క.

"వాడికి టైరు పెళ్ళికూతురిలా కనిపించిందా ఏంటి?" అని గొణుక్కుంటూ సబ్బునీళ్ళు తెమ్మంది.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. టైరు గాడుల లోతు శుక్రవారమే కొలిచాను, ఇంకా చాలినంత ఉంది. గాడుల మధ్య హద్దు చూపే చిన్న మిట్టల దాకా రబ్బరు అరగలేదు. అదే చెప్తే పెద్దమ్మ తల ఊపింది. అరుగుదల సంగతి నిజమేనంది. కానీ సబ్బునీళ్ళతో రుద్ది నూనె వదిలించేసరికి టైరు పక్కల నిండా సన్నటి పగుళ్ళు, ఎండిన మడిలో నెర్రెల్లాగా. ఆమె గోటితో నొక్కి చూసింది. గోరు దిగలేదు.

టైరు మీద అచ్చేసిన నాలుగంకెలు నేను వెతికాను. అవి తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. టైరు వయసు ఎనిమిదేళ్ళు. బండి మేం నిరుడే పాతది కొన్నాం. అంతకుముందు అది ఎవరి పెరట్లోనో ఎండకీ ఉప్పుగాలికీ నిలబడి ఉంటుంది. అందుకే అరగలేదు, అందుకే రాయిలా బిగిసింది. బిగిసిన రబ్బరు తడి రోడ్డుని పట్టుకోదు.

"నీ కూతురికంటే పెద్దది పిల్లా ఇది," అంది పెద్దమ్మ. "పెద్దవాళ్ళని పనిలోంచి మాన్పించాలి."

బాప్తిస్మం ఇంకో ఆదివారానికి పెట్టించుకుందామన్నాను. పెద్దమ్మ వినలేదు. తన బండి తాళం నా చేతిలో పెట్టి, టోపీ పెట్టుకుని, ఇనాని తన ఒడిలోకి తీసుకుని వెనక ఎక్కి కూర్చుంది. బండి నువ్వే తోలాలంది.

తీరం రోడ్డెక్కగానే వాన అందుకుంది. మెల్లగానే పోతున్నాను. దుకాణం మలుపులో ఒక కుక్క ఉన్నట్టుండి అడ్డమొచ్చింది. రెండు బ్రేకులూ వేశాను. బండి గీత గీసినట్టు తిన్నగా వెళ్ళి ఆగింది. కుక్క మమ్మల్ని ఓసారి చూసి నింపాదిగా రోడ్డు దాటింది. ఇనా నిద్ర లేవలేదు.

"నా టోపీ తడిసిపోయింది, పద," అంది పెద్దమ్మ వెనక నుంచి.

సోమవారం రెండు చక్రాలకీ కొత్త టైర్లు వేయించాం. ఇప్పుడు మా వీధిలో శనివారం సాయంత్రం నూనె లేక మా బండి ఒక్కటే మాసినట్టు కనిపిస్తుంది. రాంగికి ఇంకా కాస్త నామోషీగానే ఉంది. నేను మాత్రం సబ్బునీళ్ళతో కడిగి, పక్కలు తడిమి, గోటితో నొక్కి చూస్తాను. గాడుల లోతు కొలవడం మానలేదు. అయితే చివరి తీర్పు మాత్రం కొలతది కాదు, ఆ రోజు చర్చి మెట్ల మీద టోపీ దులుపుకుంటూ పెద్దమ్మ చెప్పిన మాటది:

"వానలో బిడ్డని ఎక్కించేముందు ఈ టైరు పరవాలేదా అని ఎవర్నైనా అడగాలనిపించిందా, అడక్కు. మార్చెయ్."