పులి దుప్పటీ, మా నెట్‌వర్కూ

ఆ రోజుల్లో మాకు రెండు సంగతులు గట్టిగా తెలుసు. ఒకటి, ప్రపంచం మారబోతోంది. రెండు, దాన్ని మార్చేది మేమే. (ఇరవై రెండేళ్ల వయసులో ఈ రెండూ తెలియనివాడు ఎవడైనా ఉంటే వాణ్ణి డాక్టరుకి చూపించాలి.) తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. క్యాంపస్‌లో పొద్దున ఊరేగింపు, మధ్యాహ్నం పాటలు, సాయంత్రానికి పరీక్షలు వాయిదా పడ్డాయన్న వార్త. మాది ఎంసీఏ చివరి సెమిస్టర్. నేను తార్నాకలో అమ్మానాన్నలతో ఉండేవాణ్ణి. నాన్నది ప్రభుత్వోద్యోగం, మాది అనంతపురం వైపు. ప్రాజెక్టులో నా జోడీ హాస్టల్లో ఉండేవాడు, వాళ్లది జనగామ దగ్గర వ్యవసాయ కుటుంబం. చాయ్ ఆర్డరు ఇచ్చినా ఉపన్యాసంలా ఇచ్చేవాడు కనుక క్యాంటీన్ మొత్తం వాణ్ణి లీడర్ అనేది. రాష్ట్రం గురించి మా ఇద్దరికీ బొత్తిగా పొసగేది కాదు. గొంతులు పోయేలా వాదించుకుని, తర్వాత ఒకే ప్లేటు మిర్చి బజ్జీ పంచుకునేవాళ్లం.

మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చిన ఒకే ఒక్క విషయం మా ప్రాజెక్టు. దాని పేరు 'అడ్డా'. ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీ కంప్యూటర్లో కాకుండా, ఒక్కో బస్తీ, ఒక్కో హాస్టల్, ఒక్కో అపార్ట్‌మెంటు తన కబుర్లను తన సొంత కంప్యూటర్లోనే పెట్టుకోవాలి. ఆ కంప్యూటర్లు ఇంటర్నెట్‌తో పని లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అన్నిటికీ పెద్ద అంటూ ఎవరూ ఉండకూడదు, ఒకటి పడిపోయినా మిగతావి నడవాలి. "ఎవని సర్వర్ వానికే ఉండాలె. ఎవని ముచ్చట వాని తాననే ఉండాలె. గప్పుడే ఇజ్జత్" అనేవాడు లీడర్, బల్ల గుద్ది. "నువ్వు ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి తిరిగి అక్కడికే వస్తావురా" అనేవాణ్ణి నేను.

వాడి హాస్టల్ గదిలో ఒక పాత కంప్యూటర్, మా ఇంట్లో ఇంకొకటి. మధ్యలో గాలి. ఆ గాలిని దాటించడానికి మా మేడ మీద వైఫై పరికరం పెట్టాం. సిగ్నల్ చెదరకుండా ఒకేవైపు వెళ్లాలంటే వెనక గుండ్రని ఇనుప గిన్నె ఉండాలి. దుకాణంలో దొరికే యాంటెన్నా కన్నా మా అమ్మ బాణలి లోతుగా, నున్నగా ఉంది. (సైన్సు కోసం చేసిన పనిని దొంగతనం అనరు.) దాన్ని నీళ్ల ట్యాంకు స్తంభానికి కట్టి, మూతి క్యాంపస్ వైపు తిప్పాను. మొదటి సాయంత్రమే హాస్టల్ నుంచి వాడి 'జై' వచ్చింది. ఇద్దరం చెరో మేడ మీదా గంతులేశాం. కింద నుంచి అమ్మ గొంతు వినబడింది: "నా బాండ్లి యాడికి పాయెరా? బజ్జీలు నీ అరచేతిలో వేయాల్నా?"

అక్కడి నుంచి అసలు కష్టాలు. సాయంత్రాలు గుర్రంలా పరుగెత్తే మా అడ్డా, పొద్దున పదయ్యేసరికి చచ్చిపోయేది. మూడింటికి దానంతటదే లేచి కూర్చునేది. ప్రోగ్రామ్ మొత్తం తిరగరాశాం. వైర్లు మార్చాం. లీడర్ చివరికి గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, తన సిద్ధాంతం చెప్పాడు. "సిగ్నల్ రాకుండ జామర్లు పెట్టిన్రు. మన అడ్డా సంగతి ఢిల్లీ దాకా పోయింది. మనల జూసి భయపడుతున్నరు." నాకు ఒళ్లు జలదరించింది. నిజం చెప్పొద్దూ, భయంతో కాదు, గర్వంతో. ఆ రోజు నుంచి క్యాంపస్ గేటు దగ్గర పోలీసాయన నా వైపు చూసినప్పుడల్లా కొంచెం ఛాతీ విరిచి నడిచేవాణ్ణి. (ఆయన చూసింది నా వెనక వచ్చే ఐస్‌క్రీం బండిని అని ఇప్పుడు అనిపిస్తుంది.)

మా గైడు సారుకి జామర్ల సిద్ధాంతం నచ్చలేదు. "సోమవారం పొద్దున పదకొండింటికి మీ మేడ మీదికి వస్తా. హాస్టల్లో టైపు కొట్టిన మాట తార్నాకలో కనబడాలి. కనబడకపోతే ఇద్దరూ సెమిస్టర్ మళ్లీ చదవండి" అన్నారు. నాకది అవమానం, అంతే. లీడర్‌కి మాత్రం అప్పటికే ఒక ఉద్యోగం వచ్చింది, పాసైతేనే చేర్చుకుంటారు. వాళ్ల ఊళ్లో అప్పటికే అందరికీ చెప్పేసుకున్నారు. ఉపన్యాసాలు మానేసి వాడు గోళ్లు కొరకడం నేను మొదటిసారి చూశాను.

సోమవారం బంద్ ప్రకటించారు. బస్సులు లేవు, క్యాంపస్ గేట్లు మూసేశారు, ఫోన్లు కలవడం లేదు. రద్దవుతుందేమోనని ఆశపడ్డాను గానీ సార్ ఉండేది మా పక్క వీధిలోనే. గొడుగు వేసుకుని ఠంచనుగా నడిచొచ్చారు. "బంద్ రోజున పనిచేయడమే కదయ్యా మీ దాని గొప్ప?" అన్నారు. మేడ మీదికి మోసుకొచ్చి పెట్టిన మా కంప్యూటర్లో అప్పటికే అడ్డా చచ్చిపోయి ఉంది. నేను మీటలు నొక్కుతూ చెమటలు కక్కుతున్నాను. సార్ తీరిగ్గా లేచి, బాణలి వెనక నిలబడి, అది ఎటు చూస్తోందో అటు చూసి, "ఇలా రా" అన్నారు. వెళ్లి చూశాను. హాస్టల్ కనబడలేదు. పులి కనబడింది.

పెద్ద పులి. మందపాటి దుప్పటి మీద, నోరు తెరుచుకుని, నీళ్లు కారుతూ, దండెం మీద వేలాడుతోంది. అది పై అంతస్తులో ఉండే ఆంటీది. ఆవిడకి దుమ్ము అంటే పడదు. రోజూ ఏదో ఒకటి ఉతికి పదింటికి ఆరేస్తుంది, మూడింటికి తీస్తుంది. బంద్ రోజైతే అపార్ట్‌మెంటు మొత్తానికీ ఉతుకుడు పండగే. మేమిద్దరం ఎప్పుడు మేడ ఎక్కినా క్లాసులయ్యాక సాయంత్రమే కాబట్టి ఆ దండెం మాకు ఎప్పుడూ ఖాళీగానే కనబడింది. "నీళ్లు ఈ సిగ్నల్‌ని తాగేస్తాయి. మీ జామరు ఇదే. ఢిల్లీకి చెప్పాలా?" అన్నారు సార్.

నేను పరుగున వెళ్లి ఆంటీ కాళ్లావేళ్లా పడ్డాను. ఆవిడ బక్కెట్ కింద పెట్టలేదు. "దుప్పటి తీసుడు నాతోని గాదు. ఇంత మంచిగ ఎండ కొడుతుంటే తియ్యమంటావేంది? మీ బాండ్లి నువ్వే తీస్కపో."

"ఆంటీ, అటువైపు లీడర్ ఉన్నాడు. మాట కలవకపోతే వాడి ఉద్యోగం పోతుంది."

ఆవిడ చెయ్యి ఆగింది. యాంటెన్నా సర్దడానికి వచ్చినప్పుడల్లా వాణ్ణి తిట్టి, తిట్టినంతసేపూ ఏదో ఒకటి తినిపించేది ఆవిడే. వాడు ఆవిణ్ణి పెద్దమ్మా అనేవాడు. "గా పోరడు హాస్టల్లనే ఉన్నడా? పొద్దుగాల్నుంచి ఫోన్ చేస్తున్న, కలుస్తలేదు. గేట్లు బంద్ జేసిన్రంట. తిన్నడో లేదో." ఇంక నన్ను పట్టించుకోలేదు. విసవిసా వెళ్లి పులి చెవి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అది సగం సార్ మీద పడింది. కింద పడితే దుమ్ము అంటుతుందని సార్ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని నిలబడ్డాం. తెర మీద, హాస్టల్ కలిసిందని చెప్పే పచ్చచుక్క వెలిగింది.

నేను ఆ క్షణం కోసం 'వికేంద్రీకరణ వర్ధిల్లాలి' అని ఒక వాక్యం తయారుగా ఉంచుకున్నాను. ఆంటీ కొట్టనివ్వలేదు. "అవన్నీ తర్వాత. తిన్నవా అని అడుగు ఫస్టు." అదే కొట్టాను. ఎవరు అడుగుతున్నారో అందులో లేదు. అయినా జవాబు వచ్చింది: 'లేదు పెద్దమ్మా. మెస్ బంద్. పొద్దుగాల ఒక్క చాయ్.'

సార్ కళ్లజోడు తీసి, పులితోనే తుడుచుకున్నారు. "పాస్" అన్నారు. "ఇదే మీ ప్రాజెక్టు. మిగతాదంతా బాణలి."

ఆ తర్వాత గంటలో మా అపార్ట్‌మెంటు వంటిళ్లన్నీ రణరంగాలయ్యాయి. అమ్మ బాణలి లేకుండానే చిత్రాన్నం కలిపేసింది. ఆంటీ పప్పుచారు కాచింది. క్యారియర్లు మోస్తూ నేనూ సారూ, ముందు ఆంటీ. గేటు దగ్గర పోలీసాయన "ఏముంది అండ్ల?" అన్నాడు. "పప్పుచారు. నువ్వు తిన్నవా?" అంది ఆంటీ. ఆయన కూడా తినలేదు. మరో ఐదు నిమిషాల్లో గేటు కొంచెం తెరుచుకుంది. హాస్టల్ మెట్ల మీద లీడర్ అన్నం కలుపుకుంటూ ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వాడు ఉద్యోగంలో చేరాడు. మేము నల్లకుంటకు మారాం. అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చి అడ్డా మూగబోయింది. ఈమధ్య ఆ వీధిలో పనిబడి, మనసాగక పాత మేడ ఎక్కాను. క్యాంపస్‌కి అడ్డంగా ఓ పెద్ద భవనం లేచింది, హాస్టల్ కనబడదు. ఎవరో కొత్తగా అద్దెకొచ్చిన అమ్మాయి బట్టలు ఆరేస్తోంది. నీడలో కుర్చీ వేసుకుని ఆంటీ. దండెం అంతా నిండి ఉంది గానీ మధ్యలో ఒక దుప్పటి పట్టేంత ఖాళీ. అమ్మాయి అక్కడ చీర వేయబోతే ఆంటీ కేకేసింది: "గాడ ఎయ్యకు బిడ్డా. గది పోరగాండ్ల తోవ."

"ఏ పిల్లలు ఆంటీ?" అంది ఆ అమ్మాయి, చుట్టూ చూసి. నెరిసిన జుట్టుతో నేనొక్కణ్ణే ఉన్నాను. ఢిల్లీ తనని చూసి భయపడుతోందని ఛాతీ విరుచుకు తిరిగిన ఆ కుర్రాడు ఎంత వెర్రివాడో తలుచుకుని నవ్వుకుంటున్నాను. ఆంటీ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను కాసేపు చూసి, గుర్తుపట్టి, "తిన్నవా?" అంది.

ఇంట్లో కడుపునిండా తినే బయల్దేరాను. "లేదు పెద్దమ్మా" అన్నాను.