మూడో పిలుపుకు నేను పలికాను

మా మనవరాలు జర్మనీలో పాడుతుందంటే మా ఊళ్ళో అందరూ సినిమా పాటలనుకుంటారు. కాదు. ఆపెరా అంటారు దాన్ని. మైకు ఉండదు. మనిషి నిలబడి, కడుపులోంచి గొంతు తీసి, హాలు చివర కూర్చున్నవాళ్ళకు కూడా వినబడేటట్టు పాడాలి. ఆ గొంతు చర్చిలో పాడీ పాడీ వచ్చిందని పాస్టరుగారు చెప్పుకుంటారు. పత్తిచేలో వచ్చిందని నేనంటాను.

కాలం కలిసొస్తే మా నల్లరేగడిలో పత్తి మనిషెత్తు పెరుగుతుంది. వంగి పత్తి తీస్తుంటే పక్క సాలులో ఎవరున్నారో కనపడదు. అందుకని మాకొక పద్ధతి ఉంది. చేలో ఎవరైనా గొంతెత్తి పొడుగ్గా పిలిస్తే, ఎవర్ని పిలిచినా సరే, విన్నవాళ్ళు "ఉన్నా" అని గట్టిగా పలకాలి. పిలిచిన మనిషి "ఆఁ" అని చిన్నగా అనాలి. అంటే వినబడింది, ఇక పని చేసుకోండి అని. కనిగిరి వైపు నుంచి పత్తి తియ్యడానికొచ్చే కూలీలకు కూడా ముందు ఇదే చెబుతాం. ఒకసారి మా తోడికోడలు పలకలేదు. పరిగెత్తి చూస్తే ఎండదెబ్బ తగిలి సాళ్ళ మధ్య పడి ఉంది. ముఖాన నీళ్ళు కొట్టి, మంచం మీద వేసి ఆస్పత్రికి మోసుకుపోయాం. బతికింది. ఇప్పటికీ నాతో పోట్లాడుతుంది.

మా అమ్మాయి నర్సు. డ్యూటీలకు పోతూ పిల్లను నా దగ్గర వదిలేది. నేను చేలోకి తీసుకుపోయేదాన్ని. అది గట్టు మీద కూర్చుని ఊరికే పిలిచేది. "ఊరికే పిలిస్తే వీపు పగలగొడతా" అని తిట్టేదాన్ని. తిడుతూనే పలికేదాన్ని. పలకకుండా ఉండటం మాకు చేతకాదు.

కిందటేడు అది ఫోను చేసి, తన పాట కచేరీ ఉందనీ, నాకు టికెట్టు కొనేశాననీ చెప్పింది. వెనక్కిస్తే సగం కూడా రాదంది. అంత డబ్బు గాలికి పోతుంటే ఎలా చూస్తాను? వెళ్ళాను.

తీరా చూస్తే అది కచేరీల హాలు కాదు, బొమ్మలు పెట్టే గ్యాలరీ. కొత్తగా పాడేవాళ్ళకు పెద్ద స్టేజీలు ఇవ్వరట. ఆ ఊరి పెద్ద నాటకశాల నుంచి ఒకావిడ వచ్చి వింటుందట. ఆవిడకు నచ్చితే వచ్చే ఏడు మా పిల్లకు నాయిక వేషాలు ఇస్తుంది. నచ్చకపోతే వీసా అయిపోతుంది, ఇంటికి రావాలి. ఎనిమిదేళ్ళ చదువు ఆ ఒక్క సాయంత్రం మీద పడింది. పిల్ల రెండు రోజులుగా అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అది గొంతు సవరించుకునేలోపు నేను గోడల మీద బొమ్మలు చూస్తూ తిరిగాను. ఒకటి వట్టి తెల్లగుడ్డ. చట్రం మాత్రం మంచి కర్ర. ఇంకో గోడకు గోనెసంచి తగిలించి దాని మీద లైటు వేశారు. మూల కొంచెం చిరిగింది. రెండు కుట్లు వేస్తే ఇంకో రెండేళ్ళు మిరపకాయలు పొయ్యొచ్చు. చిరుగు ఎంతుందోనని వేలు పెట్టి చూశాను. కాపలావాడు ఉరికొచ్చాడు. వాడి వెనకే మనవరాలు.

"అమ్మమ్మా, ముట్టుకోమాక! అది బొమ్మ."

"సంచేనే."

"సంచే. కానీ బొమ్మ."

"మరి మన గొడ్లచావిట్లో ఉన్నయ్యో?"

"అవి సంచులు. నీకు దణ్ణం పెడతా, వచ్చి కూచో."

అప్పట్నుంచి ఆ కాపలావాడు నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. అన్ని బొమ్మలుండగా నన్నొక్కదాన్నే కాపలా కాశాడు.

కూర్చోబెట్టి మనవరాలు నాకు చివరి పాట గురించి చెప్పింది. ఎవడో పడవెక్కి వెళ్ళిపోతాడట. ఆవిడ ఒడ్డున నిలబడి మూడుసార్లు పిలుస్తుందట. వాడు పలకడట. ఆ దిగులుతో ఆవిడ అక్కడే ప్రాణం విడుస్తుందట.

"ఎందుకు పలకడూ? చెవుడా?"

"పలకకపోవడమే పాట, అమ్మమ్మా. ఆ మూడో పిలుపు మీదే నా బతుకంతా ఉంది. ఆ నాటకశాల ఆవిడ వినేది అదే. నువ్వు మాట్లాడమాక, దగ్గమాక, అందరూ కొట్టేదాకా చప్పట్లు కొట్టమాక."

"నేనేమన్నా చంటిపిల్లనా? నోరు మూసుకుని కూచుంటాలే."

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

నాటకశాల ఆవిడ ముందు వరసలో కూర్చుంది. మగవాళ్ళ బూట్లు, కత్తిరించిన జుట్టు. పియానో వాయించేవాడు గడకర్రలా ఉన్నాడు. మనవరాలు సరిగ్గా ఆ గోనెసంచి ముందు నిలబడింది. జనం ఊపిరి కూడా బయటికి వినబడనివ్వలేదు. పాటలు ఒకదాని తర్వాత ఒకటి పాడుతూ పోయింది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, గొంతు నాకు తెలుసు. నిండుగా ఉంది. వేడినీళ్ళు తాగమని పొద్దున నేను పోరినందుకు మంచిదే అయింది.

చివరి పాట వచ్చింది. మొదటిసారి పిలిచింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. చెంగు కుక్కుకున్నాను. చుట్టూ చూశాను. ఒక్కరూ కదల్లేదు. కళ్ళద్దాల ముసలాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని హాయిగా వింటున్నాడు. ఆడపిల్ల అంత ఇదిగా పిలుస్తుంటే మనిషన్నవాడు ఎలా కూర్చోగలడో నాకిప్పటికీ తెలియదు.

రెండోసారి పిలిచింది. కుర్చీ చేతులు పట్టుకున్నాను. ప్రార్థన చేసుకున్నాను.

మూడోసారి పిలిచింది. అది పాట కాదు. చిన్నప్పుడు ఒకసారి గట్టు మీద పాముని చూసి పిలిచిన పిలుపు అది. ఆ గొంతే, చివర ఆ వణుకే. నేను లేచి నిలబడ్డాను.

"ఓ... ఉన్నానే...!"

చేను అవతలి గట్టుకు వినబడాల్సిన గొంతు నాది. ఆ గదికి అది చాలా ఎక్కువైంది. కాపలావాడు నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాడు. పియానో అతని చేతులు గాల్లో నిలిచాయి. మా మనవరాలు నా వైపు తిరిగింది. తిరిగి, మెడదాకా పట్టుగౌను వేసుకున్న ఆ పిల్ల, అంతమందిలో, చిన్నగా "ఆఁ" అంది.

అనాలని అనలేదు. అలవాటు.

ఆ తర్వాత ప్రాణం విడవాల్సిన పాట మిగిలింది. పియానో మళ్ళీ మొదలైంది, అదీ పాడింది. కానీ ఇంటి మనిషి పలికాక ఎవరికైనా చావాలని ఎందుకుంటుంది? గొంతు తేలికైపోయింది. మధ్యలో నవ్వు ఆపుకోవడం నాకు స్పష్టంగా వినబడింది. ఒడ్డున ఉన్న ఆవిడ చచ్చిపోయినట్టు లేదు. పొయ్యి మీద పాలు గుర్తొచ్చి ఇంటికెళ్ళినట్టుంది.

జనం లేచి చప్పట్లు కొట్టారు. కళ్ళద్దాల ముసలాయన వచ్చి నాకు వంగి దణ్ణం పెట్టి ఏదో అడిగాడు. పాడేవాళ్ళ పేర్లున్న కాగితంలో నా పేరు ఎందుకు వెయ్యలేదని అడిగాడట. నాటకశాల ఆవిడ మాత్రం కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

ట్రాములో మనవరాలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగాక అంది, "ఒక్కమాట చెప్పా గదా నీకు."

"ఎవరూ పలకలేదు గదే."

"పలకరు! పలకగూడదు!"

"పలకగూడనప్పుడు అంత గట్టిగా పిలవమాక."

అంతే, ఇంటికెళ్ళి తన గది తలుపేసుకుంది. ఏడ్చిందని తెలుసు. ఉప్మా చేసి తలుపు దగ్గర పెట్టాను. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మూడో రోజు నాటకశాల నుంచి ఫోను వచ్చింది. మనవరాలు నిలబడే విని, వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాయిక వేషాలు ఇవ్వరట. ఒంటరిగా నిలబడి చావడం నాకు రాదట. జవాబు వినబడగానే కోలుకున్నానట."

నేను గ్లాసుతో వేడినీళ్ళు తెచ్చి దాని ముందు పెట్టాను.

"కోరస్‌లోకి తీసుకున్నారు. వెనకాల గుంపుగా నిలబడి పాడేవాళ్ళు. వీసా కూడా వాళ్ళే చూసుకుంటారు."

"ఆ గుంపు ఏం చేస్తది?"

నా మొహం చూసింది. నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేకపోయింది. "ముందున్నావిడ పిలిస్తే పలుకుద్ది, అమ్మమ్మా."

"జీతం నెలనెలా ఇస్తారా?"

"ఇస్తారు."

"ఆ పిలిచే ఆవిడకో?"

"పాడిన రోజుకే."

"ఇంకేం మరి. లేచి మొహం కడుక్కో."

అది కోరుకున్నది ఇది కాదని నాకు తెలుసు. కొన్నాళ్ళు దానికి ఆ బాధ ఉంటుంది. ఉండనీ.

తిరుగు ప్రయాణంలో, మనవరాలిని అద్దాల అవతలే వదిలి లోపలికొచ్చాక, విమానాశ్రయంలో నా సంచి విప్పించారు. నేను తీసుకెళ్ళిన కారంలో సగం మిగిలితే మూటగట్టి వెనక్కి తెస్తున్నాను. మా కారం మా గుంటూరుకే మోసుకెళ్ళడమేమిటని మనవరాలు నవ్వింది గానీ, పారబొయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఆఫీసరు మూట విప్పి వాసన చూశాడు. వాడు తుమ్ముతూనే ఉన్నాడు, వెనక అద్దాల అవతలి నుంచి పొడుగ్గా పిలుపు వచ్చింది. వరసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"ఉన్నానే...!" అన్నాను.

ఇద్దరు పోలీసులు నా వైపు నడిచొచ్చారు. సంచి మళ్ళీ మొదట్నుంచీ విప్పమన్నారు. విప్పుతూ ఆ చిన్న "ఆఁ" కోసం చెవి పెట్టి విన్నాను. వినబడింది.