బదులు వేషం

నా తమ్ముడికి పిచ్చి పట్టిందని పుంగనూరు నుంచి మరదలు ఫోను చేసినప్పుడు నాకు ముందు వచ్చింది భయం కాదు, విసుగు. మా వాళ్లలో ఎవరికి ఏం జరిగినా మదనపల్లె నుంచి నేనే బస్సెక్కాలి. ఆ రోజు తోటలో టమాటా కోత. కాయలూ కూలీలూ అక్కడే ఉండగా వదిలేసి పోయాను.

తమ్ముడిది పశువుల దాణా అంగడి. మెత్తటి మనిషి. వచ్చినవాళ్లు తూకం తక్కువైందని ఊరికే అరిచినా తనే చేతులు జోడించేవాడు. అలాంటివాడు తవుడు కోసం వచ్చిన ఒక ముసలాయన మీదికి తూకం రాయి విసిరాడు. అదృష్టం బాగుండి రాయి గోడకు తగిలింది. అప్పటినుంచి అంగడి తలుపు తియ్యలేదు. వాడితో ఇంట్లో ఒంటరిగా ఉండటానికి మరదలు భయపడుతోంది.

"ఏమప్పా, ఏమైండాది నీకు?" అని అడిగాను.

"కల వస్తాండాదక్కా. తవుడు మూటల మీద ఒక ఆడమనిషి కూసోనుంటాది. నా పక్క తిరగదు. ఇది నా అంగడి, దిగమ్మా అంటే నవ్వుతాది."

"తాయెత్తు కట్టించినాము వదినా. మాత్రలు గూడా మింగిస్తాండాను. ఏమీ తగ్గలేదు," అంది మరదలు.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది, నా మేనకోడలు. కుప్పంలో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. సెలవు పెట్టి వచ్చి, తండ్రి మంచం పక్కన పుస్తకం పట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

"ఆయప్ప అట్ల పడుంటే నీకు చదువెట్ల ఎక్కుతాదే?"

"దీని గురించే చదువుతాండాను అత్తా. లోకానికి మనం సూపించేది ఒక ముసుగంట. మనది అని ఒప్పుకోలేని కోపమూ కుళ్లూ అంతా లోపల నీడ మాదిరి ఉంటాదంట. మగోడి లోపల ఒక ఆడమనిషి గూడా ఉంటాదంట. మనం వాళ్లను సూడకపోతే వాళ్లే కలలోకి వస్తారంట."

"అంట, అంట! ఇట్ల తే."

పుస్తకం లాక్కున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, సాయంత్రం బడిలో. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. 'అచేతనం' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను. మనకు తెలియకుండా మనలోనే ఉండే మనసు అని అర్థం రాసి ఉంది. తెలియకుండా ఉండేదాన్ని తెలుసుకోవడం ఎట్లా అన్నది మాత్రం నేను తిప్పిన పేజీల్లో ఎక్కడా కనపడలేదు. విసిరికొట్టబోయి, కాలేజీ పుస్తకమని ఆగాను.

అప్పుడు తమ్ముడు గోడవైపు తిరిగి గొణిగాడు. "జాతరకు మనిషిని పంపిస్తానే ఉండాను గదా. అమ్మవారికి నా మీద యాల కోపం?"

"మనిషిని పంపించేదేంది?" అన్నాను.

మొక్కు సంగతి నాకు తెలుసు, మనిషిని పంపించే సంగతి ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు వీడికి అమ్మవారు పోసి చావుబతుకుల్లో ఉంటే మా అమ్మ మొక్కుకుంది. బతికితే ప్రతి ఏడూ కుప్పం గంగ జాతరలో ఆడవేషం కట్టిస్తానని. వేషం కట్టినవాడు ఆ పూట ఎవరినైనా తిట్టొచ్చు. తిట్లు పడినవాళ్లు కోపగించుకోకూడదు, దండం పెట్టాలి. మావాడు చీర కట్టి, ముఖానికి పసుపు పూసుకుని, పోలీసునూ వదిలేవాడు కాదు, భూస్వామినీ వదిలేవాడు కాదు. ఇంటికొచ్చి కడుపు నిండా సంగటి తిని పడుకునేవాడు. మళ్లీ ఏడాదంతా మెత్తటి మనిషే.

వర్తకుల సంఘానికి అధ్యక్షుణ్ణి చేశాక గంజి పెట్టిన తెల్లచొక్కాలు మొదలయ్యాయి. అధ్యక్షుడు చీర కట్టి బూతులు తిడితే మర్యాద ఉండదని, తన బదులు వేషం కట్టడానికి కూలికి ఒక మనిషిని పెట్టాడట. మొక్కు చెల్లిపోయిందని అనుకున్నాడు. తెలివిమంతుడు!

నేను నోరు తెరిచేలోపే మేనకోడలు అంది: "నాయనా, వాడు తిట్టింది వాడి తిట్లు. నీవి నీ లోపలే ఉండాయి గదా."

ఆ ముక్క ముందే చెప్పి ఉంటే నాకు ఆ పుస్తకం బాధ తప్పేది.

జాతర దగ్గరపడ్డాక వాణ్ణీ మేనకోడలినీ పలమనేరు మీదుగా కుప్పం తీసుకుపోయాను. దారి పొడుగునా ఒకటే పాట. "సంఘమోళ్లు సూస్తారక్కా."

"సూడనీరా. వాళ్లకు గూడా నాలుగు తగిలించు."

చీర కట్టాడు. ముఖానికి పసుపు పూసుకున్నాడు. జనంలో సంఘంవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపించారు, వాళ్లను తిట్టకుండానే దాటిపోయాడు. పోలీసునూ దాటిపోయాడు. వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఏమే పెత్తనాల పెద్దమ్మా! నా పెండ్లికి చొక్కా గుడ్డ నువ్వే తీస్తివి! నా బిడ్డకు పేరు నువ్వే పెడితివి! అంగడి ఏ వీధిలో పెట్టాల్నో గూడా నువ్వే సెబితివి! నాకూ ఒక నోరుండాదని ఎప్పుడన్నా సూసినావా? నీ పెత్తనం మీద మన్నుబొయ్య!"

ఇంకా చాలా అన్నాడు. అవి రాయను. అందులో సగం అబద్ధం. వాడికి బాగుపడాలని కాయలు కోతకొచ్చిన తోట వదిలేసి తిరిగినదాన్ని నేను. జనం నవ్వుతున్నారు. మేనకోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. కట్టడి కట్టడే కాబట్టి పళ్లు బిగబట్టి చేతులు జోడించాను. నీడ బయటికి వస్తే ముందు ఎవరి మీద పడుతుందో ఆ పుస్తకం నాకు చెప్పలేదు.

మర్నాడు పుంగనూరులో అంగడి తెరిచాడు. తవుడు తూచి ఇస్తూ ఎవరితోనో పరాచికాలు కూడా ఆడుతున్నాడు. మరదలు గుమ్మంలోనే నిలబడి చాలాసేపు చూసి, వంటకు లోపలికి పోయింది. కోపం నాకింకా దిగలేదు, అయినా మంచిమాట చెప్పకుండా ఉండలేను కదా.

"దీనికంతా ఆ సంఘం పదవే కారణం. ఈ రోజే వదిలెయ్," అన్నాను.

తమ్ముడు తెల్లచొక్కా చేతులు మడుచుకుంటూ నా వైపు చూశాడు.

"వదల్నక్కా. అది గూడా నాకిష్టమే."

పసుపు లేదు, చీర లేదు, జాతర అయిపోయింది. నా మొహం మీదే చెప్పాడు. ఇక నేను చెయ్యగలిగింది ఏముంది, మదనపల్లె బస్సు వస్తే ఎక్కాను.