నా కాలికి అంటగట్టిన ఓటమి

అమావాస్య నాడు పొద్దున్నే ఫిల్మ్‌నగర్ మీదుగా వెళ్ళవలసి వస్తే నేను బండి మెల్లగా నడుపుతాను. ఆఫీసు గేట్ల ముందు, స్టూడియో మెట్ల దగ్గర, కొత్త కార్ల చక్రాల కింద బూడిద గుమ్మడికాయలు పగిలి పడి ఉంటాయి. పచ్చి గుమ్మడి వాసన, దాని మీద కర్పూరం వాసన, రోడ్డంతా కుంకుమ నీళ్ళు. మొన్న అలాంటి ముక్క మీద నా స్కూటీ చక్రం జర్రున జారింది. పడలేదు, కాలు ఆనించి నిలబడ్డాను. ఎదురు గేటు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి "దెబ్బ తాకిందా మేడం?" అని అడిగాడు. లేదన్నాను. దెబ్బ తగల్లేదు కానీ ఒళ్ళు మండింది. ఆ వాసనకు నాకు ఎప్పుడూ ఒళ్ళు మండుతుంది, వెంటనే సుభద్ర మేడం గుర్తుకొస్తారు.

సుభద్ర మేడం మా బాస్కెట్‌బాల్ కోచ్. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. మా జట్టు యాజమాన్యం తీయించిన వీడియోల్లో ఆవిడ మోచెయ్యో, ఈల పట్టుకున్న చెయ్యో కనిపిస్తుంది తప్ప మొహం కనిపించదు. పొట్టి మనిషి. బందరులో పుట్టి, పెళ్ళయ్యాక మధురానగర్‌కు వచ్చి స్థిరపడ్డారు. చున్నీ నడుముకు బిగించి కోర్టులోకి దిగారంటే ఆవిడకన్నా రెండు జానలు పొడుగున్న అమ్మాయిలం కూడా వెన్ను నిటారుగా పెట్టేవాళ్ళం. మోతీనగర్‌లో మా ఇంటి దగ్గరి మైదానంలో నేను ఆడుతుంటే చూసి, మా అమ్మను ఒప్పించి, నన్ను తన దగ్గర చేర్చుకున్నారు. అప్పట్లో నాకున్న పెద్ద జబ్బు మెతకదనం. నా వంతు ఎవరు లాక్కున్నా, ఎవరు మాట తూలినా "పోనీలెండి" అనేదాన్ని. మా ఇంట్లో దాన్నే మంచితనం అంటారు. మేడం మొదటి వారంలోనే నా జబ్బు పట్టేశారు. "ఏమ్మా రజితా, బంతి లాక్కుంటే ఊరుకోవు కదా, మీద పడి మరీ తెచ్చుకుంటావు. మరి నీ మాట లాక్కుంటే ఎందుకు ఊరుకుంటావు?" అని అడిగారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మహిళల కోసం ప్రొఫెషనల్ లీగ్ ఒకటి కొత్తగా మొదలైనప్పుడు మా నగరం జట్టును ఒక సినిమా నిర్మాత కొనుక్కుని, మేడంను కోచ్‌గా పెట్టుకున్నాడు; ఆవిడ నన్నూ జట్టులోకి తీసుకున్నారు. ఆయన పేరు రాయను. రాస్తే అదీ పబ్లిసిటీ అనుకుంటాడు. వరసగా హిట్లు తీసి, జూబ్లీ హిల్స్‌లో పెద్ద బండరాయిని మధ్యలో ఉంచుకుని చుట్టూ ఇల్లు కట్టుకున్న మనిషి. జట్టు ప్రారంభం రోజున కెమెరాలు, దండలు, ఇద్దరు హీరోయిన్లు వచ్చారు. దిష్టి తీయడానికి కుంకుమ నింపిన గుమ్మడికాయను సరిగ్గా కోర్టు మధ్యకు పట్టుకొచ్చారు. మేడం అడ్డంగా నిలబడ్డారు.

"ఇది చెక్క ఫ్లోరండీ. తడి తగిలితే పాడవుతుంది, పిల్లలు జారితే మోకాళ్ళు పోతాయి. గేటు బయట కొట్టుకోండి."

"దిష్టి ఏడ తగుల్తదో గాడనే కొట్టాలె మేడం," అని నిర్మాత నవ్వి, కాయను నేలకేసి కొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళు వెళ్ళిపోయాక గింజలు, ఎర్రటి నీళ్ళు మాకు మిగిలాయి. మేడం మోకాళ్ళ మీద కూర్చుని తన తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టారు. నేనూ పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ, "పోనీలెండి మేడం, మన మంచికే కదా" అన్నాను. ఆవిడ తువ్వాలు పిండుతూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. సినిమావాళ్ళు గుమ్మడికాయ కొట్టేది షూటింగ్ ఆఖరి రోజునని నాకు తర్వాత తెలిసింది. మాకు మొదటి రోజే కొట్టేశారు.

అయినా మేం బాగా ఆడాం. ఈ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడెవరూ చెప్పరు. సీజన్ మొదట్లో మమ్మల్ని ఓడించడానికి మిగతా జట్లు చెమటలు కక్కాయి. కేరళ నుంచి వచ్చిన లీనా మా పాయింట్ గార్డ్, అంటే బంతి తెచ్చి ఆట నడిపే అమ్మాయి. నేను ఎటు తిరుగుతానో నాకు తెలియకముందే ఆమెకు తెలిసేది. చూడకుండా బంతి వేసేది, అక్కడ నేనుండేదాన్ని. ఇదంతా మంత్రం కాదు. ఎర్రటి ఎండలో మేడం నెలల తరబడి మా చేత ఒకే పాస్ వేయించి, విసుగొచ్చి ఏడిస్తే, ఏడ్చాక మళ్ళీ వేయించిన ఫలితం. తర్వాత ఒక ఆట ఓడిపోయాం. ఆ వెంటనే ఇంకొకటి. ఏ జట్టయినా ఓడుతుంది. కానీ మా నిర్మాతకు ఓటమి అంటే ఫ్లాపు, ఫ్లాపు అంటే నటీనటుల్ని మార్చడం. వారం తిరిగేసరికి లీనాను ఇంకో జట్టుకు ఇచ్చేసి ఇద్దరు పొడుగు అమ్మాయిల్ని తెచ్చారు. మరో ఓటమికి ఇంకొకరు పోయారు. మాతో కలిసి అన్నం తిన్న పిల్ల, పొద్దున లేచేసరికి సూట్‌కేసుతో హాస్టల్ మెట్లు దిగుతుండేది. పోస్టర్‌లో బాగుంటుందని ఒకమ్మాయిని తెచ్చారంటే మీరు నమ్మరు. ఆ అమ్మాయే నాతో చెప్పుకుని ఏడ్చింది. మేడం మాత్రం కొత్త పిల్లలెవరినీ ఒక్క మాట అనలేదు. వచ్చిన ప్రతిసారీ మొదటి రోజు పాఠం మొదటి నుంచి చెప్పారు. గొంతు పోయి, వేడినీళ్ళు తాగుతూ చెప్పారు.

లీనా పోయాక మొదటి నుంచీ కోర్టులో ఆడే ఐదుగురిలోకి నన్ను తీసుకున్నారు. ఓటములు ఆమె పోయినప్పుడు పెరిగాయా, నేను వచ్చినప్పుడా? లెక్క చూసేవాళ్ళకు రెండూ ఒకటే రోజు. జట్టు మేనేజర్‌గా విశ్వం గారని ఒకాయన ఉండేవారు. అంతకుముందు అదే నిర్మాత దగ్గర సినిమాల ప్రొడక్షన్ చూసుకున్న మనిషి. ఆయన నోట ఒకనాడు ఆ మాట వచ్చింది. "ఆ రజిత ఐరన్ లెగ్ అండీ, కాలు పెట్టింది, జట్టు పడుకుంది." ఫిల్మ్‌నగర్‌లో పుట్టి పెరిగిన మాటే అది. సినిమా పోతే కథ బాగాలేదనరు, తీసినవాడికి తీయడం రాదనరు. అందులో వేసిన పిల్ల కాలిదే పాపం అంటారు. అదే సినిమాలో వేసిన హీరో కాలు మాత్రం ఎప్పుడూ మామూలు మాంసం కాలే. ఆయన పక్కన మళ్ళీ ఇంకో అమ్మాయిని పెట్టి ఇంకో సినిమా తీస్తారు. ఆ దరిద్రపు మాటను తెచ్చి ఆటలో పెట్టారు. చెమటతో, కొలతతో, శ్వాసతో నడిచే ఆటలో!

కిందా మీదా పడి ఎలాగో ప్లేఆఫ్స్‌కు చేరాం. సెమీఫైనల్‌కు రెండు రోజుల ముందు, నన్ను జాబితాలోంచి తీసేస్తున్నారని, బయటికి మాత్రం "మోకాలి గాయం" అని చెబుతారని తెలిసింది. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళకు ఆ రెండు మాటలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మోకాలు పోయిందన్న అమ్మాయిని మరుసటి సీజన్‌లో ఏ జట్టూ ముట్టుకోదు. మా అమ్మ విని, "పోనియ్ బిడ్డా, పెద్దోళ్ళతోటి మనకెందుకు" అంది. మేడం మాత్రం నన్ను వెంటబెట్టుకుని నేరుగా జూబ్లీ హిల్స్‌లో ఆయన ఆఫీసుకు వెళ్ళారు.

"నాకు ఆ పిల్ల మీద కోపం లేదు మేడం," అన్నాడు నిర్మాత. నేను ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నాను. "జర సెంటిమెంట్. మా ఫీల్డ్‌ల గిది నడుస్తది. ఇంత దూరం వచ్చినం, రిస్క్ ఎందుకు?"

"ఏ కాలండీ?" అని అడిగారు మేడం.

"ఏంది?"

"ఐరన్ లెగ్ అన్నారట కదా. కుడిదా, ఎడమదా? రెండు కాళ్ళకీ రోజూ పట్టీ వేసేది నేనే. నాకెక్కడా ఇనుము తగల్లేదు."

ఆయన పెద్దగా నవ్వాడు, విశ్వం గారు కూడా నవ్వారు. మేడం వాళ్ళ నవ్వు ఆగేదాకా ఊరుకున్నారు. "గాయమని అబద్ధం చెబుతామంటున్నారు. ఆ మాట నాతో కాదు, ఆ అమ్మాయి మొహం చూసి చెప్పండి."

ఆయన చూడలేదు. ఫోను చేతిలోకి తీసుకుని, దానికే చెబుతున్నట్టు, "రెస్ట్ తీస్కో బేటా. ఫికర్ చెయ్యకు, నీ మంచికే," అన్నాడు. నా నోటి చివరిదాకా "సరే సార్" వచ్చింది. మేడం నా వైపు తిరిగి, మెల్లగా, "నువ్వు సరే అంటే నేను అడ్డం పడను. కానీ నీకు సరేనా?" అని అడిగారు. నన్ను అలా అడిగినవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు. "నాకేం దెబ్బ తాకలే సార్. నా మోకాలు మంచిగనే ఉంది. అబద్ధం చెప్పకుర్రి," అన్నాను. ఆయన ఎవరికో ఫోను చేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి "మోకాలి గాయంతో రజిత దూరం" అని అన్నిచోట్లా వచ్చేసింది.

సెమీఫైనల్ నాడు నాకు జట్టు బస్సు ఎక్కే హక్కు లేదు. మేడం టికెట్ పంపించారు. ఎక్కడో మూల కాదు, మా బెంచీకి సరిగ్గా వెనక వరసలో. అమ్మతో కలిసి కూర్చున్నాను. ఆట ఆఖరు దాకా పోటాపోటీగా సాగింది. చివర్లో మా చేతికి బంతి వచ్చింది, బుట్టలో పడితే గెలుస్తాం. ఢిల్లీ నుంచి తెచ్చిన కొత్త గార్డ్ కుడి మూలకు బంతి విసిరింది. ఆ మూలలో ఎవరూ లేరు. అక్కడ ఉండవలసిన పిల్ల అప్పుడే లోపలికి తిరిగింది. బంతి ఫొటోగ్రాఫర్ల కాళ్ళ మధ్యకు దొర్లిపోయింది. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేం. ఒకరి పేరు ఒకరికి నోరు తిరిగి వారమైనా కాలేదు పాపం. ఆ ఇద్దరూ కోర్టు మధ్య నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. సీజన్ అక్కడితో ముగిసింది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే విశ్వం గారు మా వరస పక్కనుంచి పోతూ, నాకు వినపడేలా, పక్కాయనతో, "చూశారా, వద్దంటే గ్యాలరీలోకైనా వచ్చి కూర్చుంది" అన్నారు. ఆడితే నా కాలు, ఆడకపోతే నా చూపు! మా అమ్మ, జన్మలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మా అమ్మ, లేచి నిలబడి, "ఏమయ్యా, నీకు ఆడపిల్లలు లేరా?" అని అరిచింది.

ఆట అయ్యాక విలేకరుల ముందు కూర్చోవడం కోచ్ పని. నేనూ వెళ్ళి గది వెనక నిలబడ్డాను. రజిత గాయం జట్టును దెబ్బతీసిందా అని ఎవరో అడిగారు. విశ్వం గారు మేడం పక్కనే కూర్చున్నారు. ఆవిడ మైకు దగ్గరికి లాక్కున్నారు. "రజితకి ఏ గాయమూ లేదండీ. మీ వెనకాలే నిలబడి ఉంది, కావాలంటే పరుగెత్తించి చూసుకోండి. మేం ఎవరి కాలి వల్లా ఓడిపోలేదు. కుదురుకున్న జట్టుని ముక్కలు చేసుకుని ఓడిపోయాం. మొదటి పిల్లని పంపించినప్పుడే నేను గట్టిగా అరవాల్సింది, అరవలేదు. అది నా తప్పు. ఆటగాళ్ళది కాదు." విశ్వం గారు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టారు, అప్పటికే ఆలస్యమైంది. రెండో రోజే నిర్మాత ఆవిడను తీసేశాడు. వ్యక్తిగత కారణాలతో తప్పుకున్నారని ప్రకటించారు. మళ్ళీ ఏ లీగ్ జట్టూ ఆవిడను పిలవలేదు. నన్ను మాత్రం పిలిచారు. ఆ మాటలు విన్న వేరే రాష్ట్రం కోచ్ ఫోను చేసి, మోకాలు చూపించుకుని రమ్మన్నారు. వెళ్ళాను, చూశారు, తీసుకున్నారు. ఒళ్ళు సహకరించినంత కాలం ఆడాను.

పోయినేడు సుభద్ర మేడం చనిపోయారు. ఆ రోజు మా నిర్మాత "మా కుటుంబ సభ్యురాలిని కోల్పోయాం" అని చేతులు జోడించిన బొమ్మతో సహా పోస్టు పెట్టాడు. కింద వేల దండాలు. నాకు చేతిలోని ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. నేనీ నాలుగు మాటలు రాయడానికి కారణం ఆ పోస్టే. కుటుంబమట!

మేడంను తీసేసిన కొన్నాళ్ళకు మధురానగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ వంటింట్లో గోంగూర ఒలుస్తున్నారు. పక్కన కూర్చుని నేనూ రెండు కట్టలు ఒలిచాను. చివరికి, "నా వల్లే కదా మేడం మీ ఉద్యోగం పోయింది" అన్నాను. అని ఏడ్చేశాను. ఊరడిస్తారనుకున్నాను. మేడంకు కోపం వచ్చింది. ఆవిడ నా మీద అంత కోపం చూపించడం అదే మొదటిసారి. చేతిలో ఉన్న కాడ పళ్ళెంలో పడేశారు.

"ఏమన్నావు? నీ వల్లా? నువ్వు వచ్చావు కాబట్టి నా ఉద్యోగం పోయిందంటావా? మరి ఆ విశ్వం అన్నదీ అదే కదమ్మా. వాడు అంటే మీ అమ్మ లేచి అరిచింది. నువ్వంటే ఎవరు అరవాలి?"

నా ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ గోంగూర అందుకుని, "నా ఉద్యోగం తీసింది ఒక మనిషి. ఆయనకి పేరుంది. ఆయన పేరు చెప్పు" అన్నారు. చెప్పాను. గట్టిగా చెప్పమన్నారు. ఆ వంటింట్లో నిలబడి, వీధిలోకి వినపడేంత గట్టిగా చెప్పాను.