జరిమానాతో పోయే కేసు

వకీలు నోరు తెరవకపోవడం వల్ల శిక్ష పడ్డ ముద్దాయిల గురించి మీరు వినే ఉంటారు. వకీలు నోరు తెరిచినందుకు శిక్ష పడ్డ ఘనత మాత్రం నా మొదటి క్లయింటుదే. చెబుతాను, నవ్వుకోండి.

నల్లకోటు వేసుకున్న కొత్తలో మా సీనియర్ రహంతుల్లా గారు నాకు శీను కేసు అప్పగించారు. శీను దర్శి వైపు నుంచి గుంటూరు యార్డుకు మిర్చి బస్తాలు తోలే మినీలారీ డ్రైవరు. స్నేహితులు అలవాటు చేసిన గంజాయి, చిన్న పొట్లం, జేబులో ఉండగా దొరికిపోయాడు. తప్పు ఒప్పుకున్నాడు. అంత కొంచానికి జరిమానాతో వదిలేయొచ్చు, ఏడాది దాకా లోపలైనా వేయొచ్చు.

వాళ్ళమ్మ కోటమ్మ మిరపకోతలు మానుకొని వచ్చింది. "వీణ్ణి లోపలేస్తే ఓనరు బండి ఇంకోడికిచ్చేస్తాడు లాయరు బాబూ" అంది.

అంతే, నాకు పౌరుషం పొంగింది. ఇలాంటి కేసుల్లో ఈ మధ్య ఎలాంటి శిక్షలు పడుతున్నాయో చూపించే తీర్పులన్నీ వారం పాటు పోగేశాను. పత్తి బస్తాలా ఉబ్బిన ఫైలుతో కోర్టులో నిలబడ్డాను.

మెజిస్ట్రేట్ మేడమ్ కాగితాలు చూసి, "మొదటి తప్పు కదా, జరిమానా వేస్తాను" అన్నారు.

కేసు అయిపోయింది! "థాంక్స్ చెప్పి కూర్చో" అని సీనియర్ గొణిగారు. కూర్చుంటే నా వారం కష్టం ఏం కావాలి?

"ఈ మధ్య కోర్టుల ధోరణి గురించి కూడా మనవి చేస్తాను మేడమ్."

"అవసరం లేదండీ. మీరడిగిందే ఇస్తున్నాను."

"అయినా వినాలి మేడమ్!"

"ఒరేయ్, కూర్చోరా!" సీనియర్ నా కోటు పట్టి లాగారు. కుట్లు పటపటమన్నాయి. నేను మాత్రం కదల్లేదు. కుర్రవాళ్ళకు కావలసింది జైలు కాదు, చికిత్స అని గర్జించి, నా బ్రహ్మాస్త్రం లాంటి సరికొత్త తీర్పును మేడమ్‌కు అందించాను. ఇలాంటివాడికే కింది కోర్టు జరిమానాతో సరిపెట్టిందని అందులో మొదటి పేజీలో ఉంది. నేను అక్కడిదాకా చదివి మురిసిపోయాను. మేడమ్ చివరి పేజీ చదివారు.

"వకీలు గారూ, జరిమానా ఒక్కటే చాలదని పైకోర్టు ఇందులో జైలు శిక్ష కలిపింది. నన్నూ అదే చేయమంటారా?"

నేను గబగబా నా కాపీలో చివరి పేజీ తిప్పాను. వెనక నుంచి కోటమ్మ, "ఇంక కూర్చో బాబూ, నీకు పుణ్యముంటది!" అని అరిచింది. కోర్టంతా గొల్లుమంది.

మేడమ్ నవ్వు ఆపుకొని, జరిమానాతో పాటు 'కోర్టు లేచేవరకు' శిక్ష వేశారు. అంటే సాయంత్రం దాకా కోర్టులోనే బెంచీ మీద కూర్చోవాలన్నమాట. హమ్మయ్య, బతికిపోయాం!

కానీ మధ్యాహ్నం అదే కోర్టులో ఒక పొలంగట్టు తగాదా మీద నా వాదన ఉంది. భోజనాలయ్యాక మొదలుపెట్టి, టీ వేళ దాటినా ఆపలేదు. కాపలా కానిస్టేబులు కూడా కునికాడు. శీనుకు మాత్రం లేచి వెళ్ళే దారి లేదు.

కోర్టు లేవగానే కోటమ్మ కొడుకు చెవి మెలేసింది. "మళ్ళీ ఆ పొట్లం జోలికెళ్తావంట్రా?"

శీను నాకు దణ్ణం పెట్టి, "జైలైనా భరిస్తానమ్మా! మళ్ళీ దొరికితే పొద్దుగూకేదాకా ఈయన వాదన వినాలి. ఒట్టు, ఇంక ముట్టుకోను!" అన్నాడు.

నిజంగానే ముట్టుకోలేదు.

ఇక నేనూ భారత రాజ్యాంగం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: గెలిచిన కేసును ఈ జన్మలో మళ్ళీ వాదించను.