పందిరి గడల మీద చారల పురుగు

మీ వెదురు గడల నుంచి పొడి రాలుతుంటే మొదట ఎవరిని చంపుతారు? నేను కంటికి కనిపించినవాణ్ణే చంపాను.

ఇవాళ నాంపల్లిలో సువార్త కూటానికి పందిరి వేస్తున్నాం. గడల మీద తెల్ల చారల పురుగులు పరుగెత్తుతుంటే, అవే తొలిచేస్తున్నాయని చెప్పు తీసి ఆరింటిని నలిపేశాను. పందిరి కట్టే మేదరి నర్సయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఏందయ్యగారూ, గిట్ల కొడ్తున్రు? బొంగు తినే పురుగు లోపల దాగింది. గిది బొక్కల దూరి దాన్ని తింటది. మా మెదక్ దిక్కున గూడ ఎండు బొంగులున్న కాడల్లా ఉంటది.”

“నాకెట్ల తెలుస్తది?”

“మాకు దినాం గంత చెప్తరు, జర మమ్మల్ని గూడ అడగున్రి!”

తీర్పు తీర్చవద్దనే వాక్యం మీదే ఈ సాయంత్రం నా ప్రసంగం. చెప్పు కింద పడేసి తొడుక్కున్నాను. ఇంటికొచ్చినా కాలు నిలవడం లేదు. మీలో ఎవరైనా ఇలా కాపలావాణ్ణే చంపారా? ఇవాళే మీ నిచ్చెనలూ తడకలూ చూడండి. చారల పురుగు కనిపిస్తే బతకనివ్వండి.